గాలిమెట్ట నిశ్శబ్ద సూచిక

గాలిమెట్ట మీద ప్రభుత్వం వారు పెట్టిన యంత్రం చూడ్డానికి బియ్యం డబ్బా అంతే ఉంటుంది. పక్కన ఆరడుగుల చెక్క చట్రం, దానికి చుట్టిన రాగి తీగ, కాస్త ఎడంగా నలభై అడుగుల ఇనుప స్తంభం. సరంజామా ఇంతే. అయితే ఆ డబ్బావి పాము చెవులు. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల సముద్రం మీద పిడుగు పడినా, దాన్నుంచి పుట్టిన రేడియో తరంగం నేలను అంటిపెట్టుకుని వచ్చి ఈ తీగను తాకుతుంది. మామూలు రేడియోలకు అందని, మరీ తక్కువ పౌనఃపున్యపు తరంగం అది. హెడ్‌ఫోన్‌లో చిటుక్కుమంటుంది. దూరాన పడిన పిడుగుకు ఒక్క చిటుకు. ఉరుముల మబ్బు దగ్గరపడే కొద్దీ మూకుట్లో పేలాలు వేగినట్టు చిటపటలు దట్టమవుతాయి.

ఆ చిటుకులు వినడం, లెక్కపెట్టి రిజిస్టరులో రాయడం మద్దిలేటి ఉద్యోగం. సంస్థ పేరు అల్ప పౌనఃపున్య సంకేత గ్రహణ సంస్థ. అంత పేరు పలకడానికి తీరిక లేక మెట్ట కింది తుమ్మలదిన్నె జనం దాన్ని పిడుగులాఫీసు అనేవారు. ఊళ్లో సెల్‌ఫోన్లు అంతంతమాత్రం, తూర్పున ఉన్న కొండ ఎక్కితే అదీ లేదు. ఆ కొండ మీద మేకలు కాసేవాళ్లు పదిహేను మంది. వాళ్లలో పెద్దది మద్దిలేటి మేనత్త సుంకులమ్మ. అరవై ఏడేళ్ల మనిషి. చేతికర్రకు ఒక పాత ట్రాన్సిస్టరు వేలాడుతుండేది.

మద్దిలేటి ఉద్యోగంలో చేరిన మొదటి ఎండాకాలం ఆమె మెట్టెక్కి వచ్చి మేనల్లుడి పని తనిఖీ చేసింది.

"ఒరే మద్దిలేటీ, అది చెవులకు పెట్టుకోని దినామంతా ఏం వింటావురా?"

"పిడుగులు అత్తా."

"విని ఎవురికి చెప్తావు?"

"రాజధానికి రాసి పంపిస్తా. నెలకోపారి."

"అంటే పిడుగు పడి సచ్చినోడికి దినాలైపోయినంక మీ కాయితం చేరుతాదన్న మాట." సుంకులమ్మ చట్రం చుట్టూ ఒకసారి తిరిగింది. "మబ్బు రోజూ వస్తాది. వచ్చిన మబ్బుకల్లా దిగొస్తే మేకలు పస్తుంటాయి. ఏ మబ్బులో పిడుగుందో మాకెట్ల తెలుస్తాది? నా రేడియో గరగరమంటే తెలుస్తాది గానీ, అప్పటికి మబ్బు నెత్తి మీదికొచ్చి ఉంటాది. నీకు ముందే తెలుస్తాది గదా. మాకు సెప్పు."

"ఆ కొండ మిందికి నా అరుపు యాడ వినపడుతుంది అత్తా?"

మర్నాడు ఆమె తన పాత ఎర్ర చీర తెచ్చి అతని ఒళ్లో పడేసింది. "ఆ కంబానికి కట్టు. గుడ్డ కనపడితే దిగొస్తాం. కనపడకుంటే మేపుకుంటాం."

అంతే. రెండేళ్లు అలా జరిగిపోయింది. చిటుకులు దట్టమైతే మద్దిలేటి స్తంభానికి చీర ఎగరేసేవాడు, కొండ మీంచి మేకలు దిగేవి, ఆ తర్వాత అరగంటకో ముప్పావుగంటకో పిడుగులు పడేవి. అంతకు ముందు ఏడాదికొకరు చొప్పున పోయిన ఊళ్లో ఆ రెండేళ్లూ ఒక్కరూ పోలేదు. రిజిస్టరులో ఈ విషయం రాయడానికి గడి లేదు కాబట్టి సంస్థకు ఈ సంగతి తెలియదు. సంస్థ చేసిన ఒకే ఒక మంచి పని సంస్థకు తెలియకుండా జరుగుతుండేది.

ఇలా ఉండగా జాయింట్ డైరెక్టర్ చక్రధరరావు గారు పదకొండు రోజులు విదేశాలు తిరిగివచ్చారు. అక్కడేదో పరిశోధన కేంద్రం చుట్టూ యంత్రాల రొద లేకుండా కాపాడుకుంటారట. ఎందుకు కాపాడుకుంటారో కనుక్కునేలోపే ఆయన విమానానికి వేళయింది. రొద లేకపోవడం వరకు మనసుకు పట్టింది. వచ్చీ రాగానే ఒక సర్క్యులర్ పుట్టింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, గ్రాహక యంత్రములు అత్యంత సున్నితమైనవి. వాటి సున్నితత్వమును పరిరక్షించుట ప్రతి ఉద్యోగి ప్రథమ కర్తవ్యము. ఇకపై కేంద్రముల పనితీరు అవి ఎంత వినినవి అనుదానిని బట్టి గాక, ఎంత నిశ్శబ్దముగా ఉన్నవి అనుదానిని బట్టి నిర్ణయించబడును. ఇందుకు నిశ్శబ్ద సూచిక ప్రవేశపెట్టడమైనది."

రాష్ట్రంలో ఉన్న ఇరవై రెండు కేంద్రాలకూ మార్కులు వేశారు. గాలిమెట్టకు ఇరవై రెండో స్థానం వచ్చింది. రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ పిడుగులు విన్న కేంద్రం అది. అందుకే అందరికంటే వెనకపడింది.

పదిహేను రోజుల్లో చక్రధరరావు గారు స్వయంగా దిగారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, మూర్ఛ వచ్చినవాడి మొహం చూసినట్టు మద్దిలేటి మొహం చూశారు.

"ఈ జుమ్మనే శబ్దం ఏమిటయ్యా?"

"కరెంటు సార్. కింద చేలల్లో మోటార్లు ఆడుతున్నాయి."

"ప్రభుత్వ నిశ్శబ్దంలోకి ప్రైవేటు మోటార్ల ధ్వని చొరబడుతుంటే నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

మెట్ట చుట్టూ మూడు కిలోమీటర్లు నిశ్శబ్ద మండలం అన్నారు. మొదట మోటార్లకు వేళలు పెట్టారు. తర్వాత గ్రైండర్లు, మిక్సీలు ఆగాయి. ఊళ్లో ఆడవాళ్లు అటక మీది రోళ్లు దించి, పిండి రుబ్బుతున్నంతసేపూ చక్రధరరావు గారి వంశవృక్షాన్ని కూడా రుబ్బారు. వెల్డింగు షాపు మూతపడింది. మోటారు సైకిలు ఇంజనులో పుట్టే నిప్పురవ్వ కూడా యంత్రానికి వినిపిస్తుందని తేలడంతో, మండలం పొలిమేర రాగానే బండి ఆపి ఊరిదాకా తోసుకుంటూ పోవాలన్నారు. కొత్తగా పెళ్లయిన ఒకడు మొదటిసారి అత్తారింటికి బండి తోసుకుంటూ, చెమటలు కక్కుకుంటూ చేరాడు. పెళ్లికి తామిచ్చిన బండి అప్పుడే చెడిపోయిందా అని, ఈ ఆజ్ఞ సంగతి ఇంకా తెలియని మామగారికి సిగ్గుతో చచ్చినంత పనయింది.

గాలిమెట్ట తొమ్మిదో స్థానానికి ఎక్కింది.

తర్వాత ట్రాన్సిస్టర్ల వంతు వచ్చింది. అవి ధ్వని చేస్తాయని కాదు. చక్రధరరావు గారి ఆలోచన ఇంకా లోతైనది.

"గాలిలో వచ్చే సంకేతం ఒక్కటే కదా మద్దిలేటీ. దాన్ని ఈ ఊళ్లో పదిహేడు ట్రాన్సిస్టర్లు పట్టుకుంటున్నాయి. మన గ్రాహకంతో కలిపి పద్దెనిమిది. అంటే ప్రభుత్వానికి అందవలసిన సంకేతంలో మనకు అందుతున్నది పద్దెనిమిదో వంతు మాత్రమే. ఇది ఎంతటి అన్యాక్రాంతమో ఆలోచించు."

"సంకేతం అట్ల పంచుకుంటే తరిగేది కాదు సార్. ఎండ మాదిరిది. ఎంతమంది నిలబడినా..."

"నీ చదువెంత?"

"ఐటీఐ సార్."

"నాది ఎంత?"

మద్దిలేటి మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి ట్రాన్సిస్టర్లు వసూలు చేశాడు. పదహారు ఇచ్చారు. పదిహేడోది సుంకులమ్మది.

"నేనియ్యను," అంది ఆమె, మేక కాలికి గుచ్చుకున్న ముల్లు తీస్తూ. "మీ సారుకు మతి లేదంటే నాకూ లేదా?"

"ఇయ్యకుంటే నా ఉద్యోగం పోతాది అత్తా."

సుంకులమ్మ తలెత్తి అతని మొహంలోకి చూసింది. తల్లి పోయిన తర్వాత అతన్ని పెంచింది ఆమే. చదివించిందీ ఆమే, మేకలమ్మి.

"మరి నాకు పిడుగు సంగతి ఎవురు చెప్తారురా?"

"నేను లేనా అత్తా? గుడ్డ కట్టేది నేనే గదా. నీ రేడియో కన్నా నా మిషను మేలు. గుడ్డ లేదంటే పిడుగు లేదనుకో. నీకు మాటిస్తాండా."

ఆమె కర్రకున్న తాడు విప్పి ట్రాన్సిస్టరు అతని చేతిలో పెట్టింది. "పాటలు లేకుండా మేకలకు తోచదు," అంది. అది గోదాములోకి పోయి, లక్క సీలు కింద కూర్చుంది.

గాలిమెట్ట రెండో స్థానానికి వచ్చింది. ఇంకొక్క మెట్టు మిగిలింది. ఆ మెట్టు దగ్గరే చిక్కొచ్చి పడింది. రెండోసారి తనిఖీకి వచ్చినప్పుడు చక్రధరరావు గారు హెడ్‌ఫోన్ పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నారు. జుమ్ము లేదు. రొద లేదు. ఉన్నట్టుండి ఆయన ఉలిక్కిపడ్డారు.

"ఈ చిటచిట ఏమిటి?"

"అదే సార్, పిడుగులు. అవి వినడానికే గదా మిషను పెట్టింది."

"ఎవరన్నారు?"

ఇలాంటి ప్రశ్నకు జవాబు ఐటీఐలో నేర్పరు.

"ఫారం చూడు," అన్నారు చక్రధరరావు గారు ఓపిగ్గా. "నాలుగో గడి. వినిపించిన ధ్వనుల సంఖ్య. మోటారు అయినా ధ్వనే, పిడుగైనా ధ్వనే. ఫారంలో పిడుగుకు వేరే గడి ఉందా? లేదు. అంచేత శాఖాపరంగా పిడుగు అనేది ఒక అంతరాయం. ఇంతకీ ఇవి ఎక్కడివి?"

"సముద్రం మీదివి సార్. కొన్ని పక్క రాష్ట్రానివి."

"మన పరిధిలోవి కూడా కావన్న మాట," అని ఆయన నిట్టూర్చి పక్క రాష్ట్రానికి లేఖ రాశారు. తమ భూభాగంలో పడుతున్న పిడుగుల వల్ల మా సూచికకు భంగం వాటిల్లుతున్నది, తగు చర్య తీసుకోగలరు అని. తమ లేఖ పరిశీలనలో ఉన్నదని వాళ్లు కూడా వెంటనే జవాబిచ్చారు. అక్కడా చక్రధరరావులు ఉంటారు.

ఆ మీదట నిపుణుల సంఘం వేశారు. నలుగురు నిపుణులు మూడు నెలలు శ్రమించి, ధ్వని అంతా రాగి తీగ ద్వారానే యంత్రంలోకి వస్తున్నదని కనిపెట్టారు. తీగను విప్పి చుట్టగా చుట్టి సీలు వేశారు. అప్పటికీ హెడ్‌ఫోన్‌లో ఏదో సన్నటి సుర్రు వినిపిస్తోందని ఒక నిపుణుడు అంటే బ్యాటరీ కూడా తీసేశారు. "గ్రాహకం ఇంత సున్నితమైనది కాబట్టే దాన్ని వాడకూడదు," అని నివేదిక చివరి వాక్యం. అదే వారం స్తంభం పరిశీలనకు వచ్చినప్పుడు, సంస్థ వస్తువుల జాబితాలో లేని ఎర్ర చీర ఒకటి కనబడటంతో దాన్నీ గోదాములో వేసి తాళం పెట్టారు.

సూచిక నూటికి నూరు వచ్చింది. ప్రథమ బహుమతి.

మద్దిలేటి ఊరుకోలేదు. మేకల కాపరులు ఈ యంత్రం మీదే ఆధారపడి ఉన్నారని అర్జీ పెట్టుకున్నాడు. మేకల కాపరులు సంస్థ సేవల లబ్ధిదారుల పట్టికలో లేరని జవాబొచ్చింది. బహుమతి ప్రదానం దాకా తీగ ముట్టుకోవడానికి వీల్లేదు, ఆ తర్వాత చూద్దాం అని దాని కింద ఎర్ర సిరాతో రాసి ఉంది. ప్రదానం రెండు వారాల్లో ఉంది. రెండు వారాలే గదా అనుకున్నాడు మద్దిలేటి. ఈలోగా తనే ఆకాశం కనిపెట్టుకుని ఉందాం, మబ్బు కమ్మితే పరిగెత్తి ఏదో ఒక గుడ్డ కడదాం అనుకున్నాడు. యంత్రం ఆగిపోయిందని సుంకులమ్మకు చెప్పడానికి రెండుసార్లు ఆమె ఇంటి దాకా వెళ్లాడు. ఆమె చేతిలోని రేడియో తనే తీసుకున్నాడు, మాట తనే ఇచ్చాడు. రెండుసార్లూ మజ్జిగ తాగి తిరిగొచ్చాడు.

రోజుకు మూడుసార్లు ఆ చచ్చిన డబ్బా ముందు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుని నాలుగో గడిలో సున్నా చుట్టేవాడు. చుట్టిన ప్రతిసారీ చేతివేళ్లకు అసహ్యం అంటుకున్నట్టుండేది.

మే నెలలో ప్రదానం. మెట్ట మీద షామియానా వేసి ఎర్ర తివాచీ పరిచారు. మైకు నిషిద్ధం కాబట్టి ఉపన్యాసాలు మొదటి వరసకే వినిపించాయి. చప్పట్లు కొట్టకుండా చేతులు పైకెత్తి ఊపాలని ముందే చెప్పడంతో, దూరం నుంచి చూసేవాళ్లకు సంస్థ సిబ్బంది అంతా దొంగలకు లొంగిపోయినట్టు కనిపించింది.

మధ్యాహ్నం మూడున్నర. మెట్ట మీద చక్కటి ఎండ. చక్రధరరావు గారు మాట్లాడుతున్నారు. "వినడం ఎవరైనా వింటారు. వినకుండా ఉండటానికి సంస్కారం కావాలి, క్రమశిక్షణ కావాలి, ముందుచూపు కావాలి."

చేతులన్నీ లేచి ఊగాయి. ఆ చేతుల పైనుంచి, తూర్పు కొండ వెనకాల, ఆకాశం అంచు ఒక్కసారి తెల్లగా మెరిసి ఆరిపోవడం మద్దిలేటి చూశాడు. కొండ అడ్డం. మబ్బు ఎంతుందో, ఎంత దూరంలో ఉందో ఇక్కణ్ణుంచి కనబడదు. తీగ ఉంటే గంట కిందటే తెలిసేది. అతను వంగి వేదిక మీదికెళ్లి చక్రధరరావు గారి చెవి దగ్గర గొణిగాడు.

"సార్, అవతల మెరుస్తాంది. గోదాము తాళం చెవి ఒకసారి ఇప్పించండి. తీగ ఐదు నిముషాలు కలుపుతా."

"సూచిక పోతుందయ్యా."

"కొండ మింద మనుషులుండారు సార్. మా అత్త ఉండాది."

"వందన సమర్పణ కానీ. కూర్చో."

మద్దిలేటి కూర్చున్నాడు. అతన్ని వెనకేసుకు రావాలని ఎంత ఉన్నా ఇది దాచడానికి లేదు. ఉద్యోగం మీద భయంతో, పెద్దాయన కూర్చోమన్నాడన్న ఒకే ఒక్క కారణంతో పన్నెండు నిముషాలు కూర్చున్నాడు. వందన సమర్పణ చేస్తున్నాయన షామియానా వాడిదాకా వచ్చేసరికి ఎండ మాయమైంది, చల్లటి గాలి కొట్టింది. అప్పుడు లేచాడు. గోదాము తలుపును బండరాయితో బాది తాళం ఊడగొట్టాడు. సీళ్లన్నీ తెంపి, ట్రాన్సిస్టర్ల మీదనుంచి పడుతూ లేస్తూ ఎర్ర చీర లాక్కొచ్చి స్తంభానికి కట్టి తాడు లాగాడు. చీర సగం దూరం ఎక్కింది. కొండ నెత్తి మీద పిడుగు పడింది.

కాపరుల్లో పద్నాలుగు మంది తడిసి ముద్దై దిగొచ్చారు. మబ్బు చూసి భయమేసి దిగామన్నారు. వాళ్లలో ఒకడు, రంగన్న అనేవాడు, మద్దిలేటి కళ్లలోకి చూడలేక నేల చూస్తూ చెప్పాడు.

"మీ అత్తను రమ్మని అరిస్తిమి. ఇన్లేదు. కంబం దిక్కు చూపిచ్చి, గుడ్డ యాడుందిరా, మావోడు వింటాండాడు గదా, పిడుగైతే కట్టకుండా ఉంటాడా అనె. కూచోని మేపుకుంటాంటే..."

ఆ మాట మద్దిలేటి చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

మర్నాడు చక్రధరరావు గారు ఊళ్లోనే ఉండిపోయారు. సానుభూతి కోసం కాదు. ప్రదానం నాటి రిజిస్టరులో నాలుగో గడి ఖాళీగా ఉంది, పేజీ పూర్తికాకుండా పుస్తకం రాజధానికి పోకూడదు. మద్దిలేటి కాటి నుంచి వచ్చిన బట్టలతోనే మెట్టెక్కాడు. కలం తీసుకుని నాలుగో గడిలో 'సుంకులమ్మ' అని రాశాడు.

చక్రధరరావు గారు కళ్లద్దాలు సవరించుకుని చదివారు. ఆయనకు కోపం రాలేదు. కోపమొస్తే మనిషనుకోవడానికి వీలుండేది.

"ఇది అంకెలు రాయవలసిన గడి," అన్నారు.

మద్దిలేటి పేరు మీద ఒక గీత కొట్టి, పక్కన ఒకటి వేశాడు.

ఆయన చాలాసేపు ఆ ఒకటిని చూశారు. నూటికి నూరు వచ్చిన సూచిక, పత్రికల్లో వేయించిన ఫొటో, అన్నీ ఆ ఒక్క నిలువు గీత మీద వేలాడుతున్నాయి. జేబులోంచి చిన్న యంత్రం తీసి మీటలు నొక్కి ఏదో చూసుకున్నారు. మొహం తేటపడింది.

"పరవాలేదులే," అన్నారు, మద్దిలేటి భుజం మీద చెయ్యి వేసి. "వార్షిక సగటు తీస్తాం కదా. మూడు వందల అరవై అయిదుతో భాగిస్తే సున్నా దశాంశం సున్నా సున్నా మూడు లోపే. సవరిస్తే సున్నా. బహుమతికి ఏ ఇబ్బందీ లేదు."

మద్దిలేటి ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాడు. లేచి గోదాములోకి వెళ్లి రాగి తీగ తెచ్చి, ఆయన చూస్తుండగానే చట్రానికి చుట్టడం మొదలుపెట్టాడు. బ్యాటరీ కలిపాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఎక్కడో సముద్రం మీద చిటుక్కుమంది.

"మద్దిలేటీ, ఉద్యోగం పోతుంది."

"రాసి పంపండి సార్. అది పోయేదాకా వింటా ఉంటా."

పదహారు ట్రాన్సిస్టర్లు సాయంత్రానికల్లా ఎవరివి వాళ్ల ఇళ్లకు చేరాయి. పదిహేడోది అతని బల్ల మీద ఉంది. ఎర్ర చీర స్తంభం మొదట్లో మడిచి ఉంటుంది. ఉద్యోగం తీసేయడానికి ఫైలు కదిలింది గానీ, కారణం అనే గడిలో విన్నందుకు అని రాయడానికి ఏ అధికారికీ చెయ్యి రాక, అది ఇంకా బల్ల నుంచి బల్లకు తిరుగుతూనే ఉంది. నిశ్శబ్ద సూచికలో గాలిమెట్ట మళ్లీ ఇరవై రెండో స్థానానికి పడిపోయింది. దీనికి సంజాయిషీ అడిగితే, కొండ మీద మేకలు మేస్తున్నంత కాలం గాలిమెట్ట అదే స్థానంలో ఉంటుందని మద్దిలేటి సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేసుకున్నాడు.